ఆ నూనెలో ఇంకేం వేయిస్తారండీ?

మోడల్ రైళ్ల ప్రదర్శనలో పొద్దున ఏడింటికల్లా హాల్లో ఉండాలి. లేఅవుట్ (పట్టాలు, కొండలు, స్టేషన్లతో కట్టిన బుల్లి రైలు లోకం) ముక్కలు కలపాలి, పట్టాల అతుకులు సరిచూడాలి, వైర్లు తగిలించాలి. నిన్న ఇంట్లో బుద్ధిగా తిరిగిన ఇంజను ఇవాళ ఇక్కడ ఎందుకు మొరాయిస్తోందో కనుక్కోవాలి. పదింటికి తలుపులు తీస్తారు. ఇక సాయంత్రం దాకా పిల్లలు, తాతలు, "ఇది కట్టడానికి ఎన్నాళ్లు పట్టిందండీ?" అనే ప్రశ్న. మధ్యలో ఎప్పుడో మా జట్టులో ఒకరు వచ్చి "నువ్వెళ్లి తినేసి రా, నేను చూసుకుంటా" అని కంట్రోలర్ అందుకుంటారు. చేతిలో ఉండేది ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల గురించే ఈ టపా.

నాకు సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది కడుపులోకి వెళ్తే నా రోగనిరోధక శక్తి పొరబడి నా చిన్నపేగు మీదే పడుతుంది. పేగు లోపలి గోడకి సన్నటి నూగులా ఉండే ఆంత్ర చూషకాలు అరిగి చదునైపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు. నా విషయంలో అది బయటపడింది కడుపునొప్పితో కాదు, రక్తహీనతతో. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరిగేది కాదు. ప్రదర్శనల్లో మధ్యాహ్నానికే కుర్చీ వెతుక్కునేదాన్ని, వయసనుకున్నాను. చివరికి ఒక డాక్టరుగారు సీలియాక్‌ని పసిగట్టే టీటీజీ యాంటీబాడీల రక్తపరీక్ష రాశారు. తర్వాత ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న చిన్న ముక్కలు తీసి చూశారు. ఆయన ముందే ఒక మాట గట్టిగా చెప్పారు: పరీక్షలన్నీ అయ్యేదాకా గోధుమ మానొద్దు, మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకుండా పోవచ్చు అని. ఇది చదివి ఎవరికైనా అనుమానం వస్తే, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, మానడం తర్వాత.

దీనికి మాత్ర లేదు. గ్లూటెన్‌ని జీవితాంతం మానడమే వైద్యం. ఇంట్లో అదేమంత కష్టం కాదు, వంటింటి తాళాలు మన చేతిలోనే ఉంటాయి. కష్టమంతా హాల్లో.

వ్యాధి తెలిశాక వెళ్లిన మొదటి ప్రదర్శన బాగా గుర్తు. ఇరవై నిమిషాల్లో ఏడు క్యూలో నిలబడడానికే పోయాయి. కౌంటర్ వెనక ఒక కుర్రాడు. "ఫ్రెంచ్ ఫ్రైస్‌లో గోధుమ ఉందా బాబూ?" అని అడిగాను. "ఒట్టి బంగాళాదుంపలేనండీ, ఉప్పు తప్ప ఇంకేం లేదు" అన్నాడు. నిజమే చెప్పాడు. పొట్లం తీసుకుని, సగం తిని, గోడకి ఆనుకుని చూస్తూ ఉంటే, అదే కుర్రాడు అదే బాండీలో రొట్టెపొడి అద్దిన చేపముక్కలు వదిలాడు. నూనె బుసబుసమంది. నా చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

వెనక్కి వెళ్లి చెప్తే, పాపం, "అంత వేడికి ఏమున్నా పోతుంది కదండీ" అన్నాడు. క్రిములైతే పోతాయి. గ్లూటెన్ క్రిమి కాదు, ప్రొటీన్. నూనె మరిగినంత మాత్రాన అది మాయమవదు. ఆ సాయంత్రం నాకేమీ కాలేదు. రాత్రి మొదలైంది. మర్నాడు లేఅవుట్ వెనక నిలబడి ఎర్ర వైరు ఎక్కడికి వెళ్లాలో, నల్ల వైరు ఎక్కడికి వెళ్లాలో నేనే రాసుకున్న పటం చూసి కూడా అర్థం చేసుకోలేకపోయాను. కడుపునొప్పి ఒక ఎత్తు, తలలో ఆ మబ్బు ఒక ఎత్తు.

తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పాడు. అడగడమే నాకు రాలేదు. "ఇందులో గోధుమ ఉందా?" అంటే ఎదుటివాళ్లు పదార్థం గురించి ఆలోచిస్తారు. నేను తెలుసుకోవాల్సింది బాండీ గురించి, పట్టకారు గురించి, చెక్క మీద కత్తి గురించి. అప్పటినుంచి నా ప్రశ్న మారింది: "ఆ నూనెలో ఇంకేం వేయిస్తారండీ?" సూప్ అయితే "చిక్కబడడానికి ఏం కలిపారండీ?" అంటాను. మైదా అంటే వద్దు. మొక్కజొన్న పిండి అంటే ఇంకో రెండు ప్రశ్నలు. "అవునా, కాదా" అని అడిగితే జనం మనల్ని సంతోషపెట్టే జవాబు చెప్తారు. "ఏమిటి, ఎలా" అని అడిగితే కళ్లు పైకెత్తి గుర్తుతెచ్చుకుని చెప్తారు. ఆ తేడా మొహంలోనే తెలిసిపోతుంది.

"కొంచెం తగిలితే ఏమవుతుంది?" అని చాలామంది అంటారు. మా క్లబ్బులో కూడా అన్నారు. మా వాళ్లకి కొలతల్లో చెప్తే తలకెక్కుతుంది కాబట్టి ఇలా చెప్పాను. గ్లూటెన్ లేనిది అని ముద్ర వేయాలంటే కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. రోజుకి 50 మిల్లీగ్రాములు చొప్పున మూడు నెలలు ఇస్తే సీలియాక్ రోగుల పేగు దెబ్బతిన్నదని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మామూలు రొట్టె ముక్క ఒక్కదానిలో సుమారు రెండు గ్రాముల గ్లూటెన్ ఉంటుందనుకుంటే, ఆ 50 మిల్లీగ్రాములు అందులో నలభయ్యో వంతు. అంటే కత్తికి అంటుకుని వచ్చే పొడి. మా లేఅవుట్ 1:87 స్కేలుది, అంటే అన్నీ అసలు సైజులో 87వ వంతు. పట్టాల మీద పడిన 3 మిల్లీమీటర్ల రొట్టెపొడి, ఆ లోకంలో 26 సెంటీమీటర్ల బండరాయి. రైలు పట్టాలు తప్పడానికి అది చాలు. ఇది చెప్పాక మా క్లబ్బులో ఎవరూ "కొంచెమే కదా" అనలేదు. పైగా లేఅవుట్ దగ్గర రొట్టె తినకూడదని రూలు కూడా పెట్టుకున్నారు. నా కోసం కాదు, పట్టాల కోసం!

ఇదంతా కొత్త ఫ్యాషన్ అనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి విలెం డికె అనే నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడి సంగతి చెప్తాను. గోధుమ మీద ఆయనకి యుద్ధానికి ముందే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో అక్కడ కరువొచ్చి రొట్టె దొరకలేదు. దేశం పడమటి భాగమంతా ఆకలితో అలమటిస్తుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే మళ్లీ పడిపోయారు. 1950లో ఆయన దీని మీదే థీసిస్ సమర్పించారు. ఫ్యాషన్ అయితే డెబ్బై ఏళ్లు దాటి నిలిచిన ఫ్యాషన్ అన్నమాట.

ప్రదర్శనకి వచ్చే క్లబ్బులకి నిర్వాహకులు ముందే ఒక ఫారం పంపుతారు. టేబుళ్లు ఎన్ని, కరెంటు పాయింట్లు ఎన్ని, మనుషులు ఎందరు, చివర్లో "ప్రత్యేక ఆహారం" అని ఒక గీత. ఒకసారి ఆ గీత మీద శ్రద్ధగా "గోధుమ, బార్లీ, రై లేనిది" అని రాశాను. మధ్యాహ్నం నా పేరు రాసిన ప్రత్యేక పొట్లం వచ్చింది. మిగతా అందరికీ తెల్ల రొట్టె శాండ్‌విచ్. నాకు బ్రౌన్ రొట్టె శాండ్‌విచ్, లోపల దోసకాయ ముక్కలు. ఎవరో నా రాతని ఆరోగ్యం కోసం పెట్టుకున్న నియమం అనుకున్నారు. ఎంత ప్రేమగా కట్టారో, రిబ్బను కూడా చుట్టారు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఆకలి వేసింది.

ఇంకోసారి సలాడ్. పైన వేయించిన రొట్టె ముక్కలు చల్లి ఉన్నాయి. "నాకు ఇవి పడవండీ" అనగానే కౌంటర్ ఆవిడ చకచకా అవన్నీ ఏరేసి, శుభ్రమైన ఆకుల పళ్లెం చేతికిచ్చింది. ఎదురుగా ఏరినది తినకుండా వదిలేయడం నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించే పని. డబ్బు ఇచ్చి, పళ్లెం తీసుకుని, మా ఆయనకిచ్చాను. ఆయన ఆ ప్రదర్శనలో నా కోసం అలా మూడు భోజనాలు చేశారు.

పైకి కనబడని చోట్ల కూడా గ్లూటెన్ దాక్కుంటుంది. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నవే అయినా చాలావాటిలో రుచికి బార్లీ మాల్ట్ కలుపుతారు. అందుకే పాకెట్ మీద "గోధుమ లేదు" అని కనిపిస్తే సరిపోదు, మాల్ట్ అన్న మాట కోసం వెతకాలి. సాసేజ్‌లలో రొట్టెపొడి కలపడం మామూలే. ఓట్స్‌లో గ్లూటెన్ లేకపోయినా పొలంలో, మరలో గోధుమతో కలిసిపోతాయి, కాబట్టి విడిగా పండించి శుభ్రం చేసినవే తీసుకోవాలి. అవి కూడా పడనివాళ్లు కొందరుంటారు.

మా హాబీలోనే ఒకటుంది, ఇది నాకు ఆలస్యంగా తట్టింది. పాత పద్ధతిలో కొండలు చేయాలంటే తీగల చట్రం మీద కాగితపు పీలికలు మైదా జిగురులో ముంచి అంటిస్తారు. ఎన్ని కొండలు అలా చేశానో! జిగురు చర్మానికి తగిలితే పేగుకి ఏమీ కాదు, నోట్లోకి వెళ్తేనే. కానీ పని మధ్యలో ఒక అరటిపండు తినడం, ఎండిన జిగురు గోటితో గీకడం, పిండి గాల్లో లేవడం, ఇవన్నీ ఉంటాయి కదా. ఇప్పుడు ప్లాస్టర్ వాడుతున్నాను. ఇక సోల్డరింగ్ చేసిన చేత్తో ఏం తిన్నా తప్పే, అది అందరికీ. సీసం ఉన్న టంకం అయితే మరీను. హాల్ గుమ్మం దగ్గర శానిటైజర్ సీసాలు పెడతారు. అది క్రిములకి మాత్రమే. గ్లూటెన్ అయినా, వేరుశనగ ప్రొటీన్ అయినా చేతి మీద నుంచి పోవాలంటే సబ్బూ నీళ్లే దిక్కు. అందుకే నా ఇరవై నిమిషాల్లో నాలుగు నిమిషాలు కుళాయి దగ్గరికి పోతాయి.

ఇన్ని చెప్పాక మీకు అర్థమయ్యే ఉంటుంది, నేను డబ్బా పట్టుకెళ్తాను. అన్నం, ఉడకబెట్టిన గుడ్లు, కూర, పండ్లు. ఇందులోనూ ఒక చిక్కుంది. వండిన అన్నాన్ని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా దీపాల వేడిలో వదిలేయకూడదు, అన్నంలో ఉడికినా చావని బాసిల్లస్ అనే బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వండినది 60 డిగ్రీల పైన వేడిగా అయినా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగా అయినా ఉండాలి, మధ్యలో రెండు గంటలకి మించి వదలొద్దంటారు. నాకు ఐసు బ్యాగే నయం. చల్లటి అన్నం తినడం అలవాటు చేసుకున్నాను. రుచి సంగతి అడక్కండి.

తినే చోటు లేఅవుట్ వెనకే. ముందువైపు నుంచి చూస్తే పచ్చటి కొండలు, వంతెన, స్టేషను, మలుపు తిరిగే రైలు. కింద నల్లగుడ్డ తెర. ఆ తెర వెనక పెట్టెల మధ్య స్టూలు మీద నేను, ఒళ్లో డబ్బా. కాళ్లకి అడ్డంగా వైర్లు. పైన నా రైలు నా ప్రమేయం లేకుండా తిరుగుతూ ఉంటుంది. చేతికి జిడ్డు అంటుకునేవి తినడం కుదరదు, జిడ్డు వేళ్లతో పట్టా ముట్టుకుంటే కరెంటు సరిగ్గా అందదు, ఇంజను నత్తలా తడబడుతుంది. అందుకని స్పూనుతో తినేవే తెస్తాను. కొన్నాళ్లు ఇది చిన్నతనంగా అనిపించేది, అందరూ కలిసి క్యూలో నవ్వుకుంటుంటే నేనిక్కడ దొంగలా నక్కి తినడం. ఇప్పుడు అనిపించదు. హాలు మొత్తంలో కూర్చుని తింటున్నది నేనొక్కదాన్నే.

పూర్తిగా ఒక్కదాన్నే కూడా కాదు. మా జట్టులో ఒక మాస్టారున్నారు, సిగ్నళ్లన్నీ ఆయన కట్టినవే. మధుమేహం, ఇన్సులిన్ తీసుకుంటారు. ఆయనకి ఏం తినాలన్నది కాదు సమస్య, ఎప్పుడు అన్నది. క్యూ ఎంత పొడుగుంటుందో తెలియకుండా ఇన్సులిన్ వేసుకుంటే ప్రమాదం. ఒకసారి సూది వేసుకుని క్యూలో నిలబడ్డారు, వంతు వచ్చేసరికి వంటకం అయిపోయింది. చెమటలు పట్టాయి, మాట తడబడింది. చక్కెర 70 కంటే కిందికి దిగింది. మా జట్టులో ఒక కుర్రాడు పరిగెత్తి పండ్లరసం తెచ్చాడు. 15 గ్రాముల పిండిపదార్థం, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష, అదీ పద్ధతి. తేరుకున్నాక ఆయన అన్న మొదటి మాట "అమ్మాయ్, రెండో లైన్లో సిగ్నల్ ఎరుపులోనే ఉండిపోయింది చూడు" అని. అప్పటినుంచి పళ్లెం చేతికి వచ్చాకే సూది. జేబులో గ్లూకోజ్ బిళ్లలు, నా పెట్టెలో ఇంకో పొట్లం.

ఆ పరిగెత్తిన కుర్రాడికేమో బాదం, జీడిపప్పు పడవు. పడకపోవడమంటే నాలాగా రాత్రికి కాదు, నిమిషాల్లో గొంతు వాచిపోతుంది. అలాంటప్పుడు ప్రాణం కాపాడే ఎపినెఫ్రిన్ సూది ఎప్పుడూ అతని దగ్గరే ఉంటుంది, అదెలా పొడవాలో మా అందరికీ నేర్పాడు. ఒక ప్రదర్శనలో తొలిసారి "గ్లూటెన్ లేని కేక్" అన్న చీటీ చూసి నేను పొంగిపోయాను. ఒక ముక్క కొని, విడిగా మూత పెట్టి ఉందని నమ్మకం కుదుర్చుకుని, తెర వెనక్కి తెచ్చాను. కుర్రాడు వాసన చూసి వెనక్కి తగ్గాడు. "అక్కా, ఇది దేంతో చేశారో అడిగావా?" గోధుమపిండి బదులు బాదంపిండి. ఇలాంటి కేకుల్లో అది మామూలే, నాకే తట్టలేదు. సంవత్సరాల తరబడి ఊరంతటికీ ప్రశ్నలడగడం నేర్పుతున్న నేను, నాకు సరిపోతుందని తెలియగానే ఇంకో ప్రశ్న అడగడం మానేశాను. కేకు బయట బెంచీ మీద తిని, సబ్బుతో చేతులు కడుక్కుని, కంట్రోలర్‌ని కూడా తుడిచి, అప్పుడు లోపలికి వచ్చాను. బాగుంది కేకు, అది కూడా చెప్పాలి.

ఇన్నేళ్లలో హాల్లో భయం లేకుండా తిన్నది ఒక్కచోట. చిన్న ప్రదర్శన, ఇరవై టేబుళ్లు కూడా లేవు. వంటగదిలో ఒక పెద్దావిడ. నా ప్రశ్న సగంలో ఉండగానే బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె పైకి తీసింది. అందులో ఆ రోజు వాడిన ప్రతి పాకెట్, ప్రతి సీసా లేబులు. "ఒక్కటీ పారెయ్యలేదమ్మా, నువ్వే చదువుకో" అంది. పొయ్యి మీద రెండు గిన్నెలు. ఒకటి ఆవిడ ఇంట్లో చేసి తెచ్చింది, అందులో ఏముందో వరసగా చెప్పింది. రెండోది వేరే ఎవరో తెచ్చారట. "దాని సంగతి నాకు తెలియదు, నువ్వు తినకు" అంది. మొదటిదానికి కొత్త గరిటె తీసి, నా కళ్ల ముందే కడిగి, వడ్డించింది. పప్పులూ కూరగాయలూ వేసిన సూప్, పెద్ద విశేషమేమీ కాదు. రెండుసార్లు వడ్డించుకున్నాను. అన్ని హాళ్లలో అంతమంది "అబ్బే, ఏం కాదండీ" అన్నారు, "నాకు తెలియదు" అన్న ఒక్క మనిషి దగ్గరే నేను ధైర్యంగా తిన్నాను.

ఈ ఏడాది మా క్లబ్బే ప్రదర్శన పెడుతోంది. ఫారం తయారుచేసే పని నా నెత్తిన పడింది, నేనే తెచ్చి పెట్టుకున్నాను లెండి. "ప్రత్యేక ఆహారం" గీత తీసేశాను. దాని బదులు మూడు ప్రశ్నలు: మీరు ఏం తినకూడదు? అది కొంచెం తగిలినా ప్రమాదమా, లేక పళ్లెంలో లేకపోతే చాలా? ఫలానా సమయానికే తినాల్సిన అవసరం ఉందా? కింద ఇంకో మాట: డబ్బా తెచ్చుకునేవాళ్లకి ఫ్రిజ్‌లో ఒక అర, కూర్చుని తినడానికి ఒక గది, సబ్బు ఉన్న కుళాయి ఉంటాయి అని. వంట చేసేవాళ్లతో మాట్లాడి, లేబుళ్లన్నీ అట్టపెట్టెలో దాచమన్నాను. వాళ్లు నన్ను వింతగా చూశారు. ఒక బాండీ ఫ్రైస్‌కి మాత్రమే అనే విషయం మీద మాత్రం ఇంకా బేరం నడుస్తోంది.

ఫారాలు తిరిగి వస్తున్నాయి. చాలావాటిలో ఆ మూడు ప్రశ్నల దగ్గర అడ్డగీతలే. నిన్న ఒకటి వచ్చింది, చిన్న లేఅవుట్ తెచ్చే ఒక జంటది. మొదటి ప్రశ్నకి "గ్లూటెన్, సీలియాక్", రెండోదానికి "కొంచెం తగిలినా ప్రమాదం". మూడో ప్రశ్న కింద సన్నటి అక్షరాలతో రాశారు: "అడిగినందుకు చాలా సంతోషం. ఏమీ అనుకోకండి, డబ్బా ఎలాగూ తెచ్చుకుంటాం."

నేనైనా అదే రాసేదాన్ని. ఫ్రిజ్‌లో అర మీద వాళ్ల క్లబ్బు పేరు రాసి అంటించాను.